వెనక గోడ మీద పెన్సిలు గీతలు

గొడుగులమ్మే కొట్టు కారుతోందంటే నవ్వని మనిషి ఉండడు. ఆ ఏడు మొదటి వాన పడ్డ రోజు, పక్క కొట్లో తాళంచెవులు చేసే ఆయన మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. లోపల నేను పెట్టిన బకెట్టును, దాంట్లో పడుతున్న చుక్కల్ని కాసేపు చూశాడు.

"ఏమయ్యా గొడుగులూ, సరుకు పరీక్ష చేస్తున్నావా?" అన్నాడు.

నేనూ నవ్వాను. వీధిలో వ్యాపారం చేసేవాడు తన మీద పడిన వేళాకోళానికి ముందు తనే నవ్వేయాలి. మొహం ముడుచుకుంటే సాయంత్రానికి అదే మాట వీధి చివరి నుంచి ఇంకో నలుగురి నోట తిరిగొస్తుంది.

మాది ఏడాదికి నాలుగు నెలల వ్యాపారం. మిగతా ఎనిమిది నెలలు సంచులూ, పెట్టెలూ అమ్ముతాం కానీ అవి కొట్టు తలుపు తెరిచి ఉంచడానికే. ఇల్లు నడిచేది వాన మీద. ఆ నాలుగు నెలల్లో జనాన్ని కొట్లోకి రప్పించేది నేను కాదు, మా అక్క. విరిగిన గొడుగును పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. బాగు చేయిద్దామని పట్టుకొస్తారు. ఈలోగా వాన పట్టుకుంటే ఒక కొత్తది కొనుక్కుని వెళతారు. అక్క అటక మీద కూర్చుని విరిగిన ఊచలు మార్చేది, స్ప్రింగులు వేసేది, చిరిగిన బట్ట మిషను మీద కుట్టేది. బాగుకొచ్చిన ప్రతి గొడుగుకూ ఒక చీటీ కట్టేది. పేర్లు అడిగేది కాదు. 'పాలాయన', 'తుమ్ములావిడ', 'మూడోసారి విరిచినాయన' అని రాసుకునేది. పన్నెండేళ్ళలో ఒకరి గొడుగు ఇంకొకరి చేతికి వెళ్ళలేదు.

బావ పోయాక అక్క మా ఇంటికొచ్చింది. వచ్చిన మొదటి వానాకాలం కింద పెట్టెల మధ్య ముడుచుకుని కూర్చుని కుట్టింది. మరుసటి వేసవిలో నేను అటక వేయించాను. కప్పుకు రెండు జానల కింద వెనక గోడలోకి రెండు ఇనుప కడ్డీలు దింపి, సిమెంటు చేసి, వాటి నుంచి చెక్కల నేలను వేలాడదీశాం. అక్కకి కుట్టుమిషను, ఒక బల్ల, వీధి కనబడే చిన్న కిటికీ. "దొరసానిలా ఉన్నానురా" అంది ఆ రోజు. ఆ మాట నాకు బాగా గుర్తు, ఎందుకంటే అక్క తన గురించి మంచిగా చెప్పుకోవడం అదొక్కసారే విన్నాను.

మొదటి వాన రోజు మధ్యాహ్నం అటక మీద ధబ్బుమని చప్పుడైంది. నిచ్చెన ఎక్కి చూశాను. వెనక గోడ మీది పగులు పక్కన పలకంత పెచ్చు ఊడి మిషను మీద పడింది. అక్క రెండడుగుల దూరంలో నిలబడి ఉంది, చేతిలో ఒక ఊచ పట్టుకుని.

"దెబ్బ తగిలిందా?"

"మిషనుకి తగిలింది. నాకు లేదు. చక్రం వంగినట్టుంది, చూడు."

"ఇంత పగులు ఎప్పుడయిందే?"

అక్క నా వంక చూసింది. "నన్నే అడుగుతున్నావా?"

అడగకూడని ప్రశ్న. ఆ పగులు పక్కన పై నుంచి కిందికి పెన్సిలు గీతలున్నాయి. ప్రతి వానాకాలం మొదట్లో ఒకటి, వానలు వెళ్ళాక ఒకటి. పగులు కొస ఎక్కడి దాకా వస్తే అక్కడ ఒక గీత, దాని పక్కన తారీఖు. మొత్తం ఇరవై నాలుగు. అక్క వచ్చిన కొత్తలో, "ఒరేయ్, వెనక గోడ బీట ఇచ్చింది, ఓనరమ్మకి చెప్పు" అంది. "అది ఎప్పుడూ ఉండేదే, పెరగడం లేదు" అన్నాను. "పెరిగితే?" అంది. "పెరిగితే చూద్దాం" అన్నాను. చెవి మీద పెన్సిలు తీసి గీత పెట్టింది. ఆ తర్వాత ఆ విషయం మీద నాతో వాదించలేదు. ఏడాదికి రెండు గీతలు పెట్టుకుంటూ వచ్చింది, అంతే.

నేను చెప్పకపోవడానికి కారణం లేకపోలేదు. మా వరసలో ఆరు కొట్లు, అన్నీ ఓనరమ్మవే. చివరి కొట్లో చెప్పులమ్మే ఆయన ఒకసారి కప్పు కారుతోందని ఫిర్యాదు చేశాడు. బాగు చేయిస్తాం, రెండు నెలలు ఖాళీ చెయ్యమన్నారు. చేశాడు. రెండు నెలల తర్వాత కొత్త కప్పు కింద ఫోన్ల కొట్టు వెలిసింది, రెట్టింపు అద్దెకి. చెప్పులాయన ఇప్పుడు తోపుడు బండి మీద అమ్ముతున్నాడు. ఓనరు కంటపడకుండా ఉండటమే అద్దెకున్నవాడి తెలివి అని నేను అనుకున్నాను. కారే చోట నేనే తారు పూయించుకున్నాను. పెచ్చు ఊడిన చోట నేనే గచ్చు చేయించుకున్నాను. నోరు మెదపలేదు.

పెచ్చు అక్క తల మీద పడి ఉంటే? ఆ లెక్క వేసుకున్నాక మాత్రం మర్నాడు పొద్దున్నే ఓనరమ్మ ఇంటికి వెళ్ళాను.

ఓనరమ్మకి డెబ్బై దాటాయి. మోకాళ్ళ నొప్పులతో వరండాలో కుర్చీకి అతుక్కుపోయి ఉంటుంది. రెండేళ్ళ నుంచి ఆవిడ తరఫున కాగితాలన్నీ అల్లుడు చూస్తున్నాడు. మంచి మాటకారి. ఎవరొచ్చినా ముందు కుర్చీ వేస్తాడు, తర్వాత ఫైలు తీస్తాడు.

"రండి రండి. వానలు పడ్డాయంటే మీ పంట పండినట్టే" అన్నాడు.

"కొట్లో సరుకు తడవకపోతే పండుతుందండీ" అని, గోడ సంగతి చెప్పాను.

అతను ఫైలు తీశాడు. మా లీజు కాగితం బయటికి లాగాడు. "కప్పు, వెనక గోడ, పునాది బాగు చేయించడం ఓనరు పని. ఈ వరస మీకు కంఠతా వచ్చే ఉంటుంది."

"వచ్చండీ."

"దాని కింది వరస?"

రాదు. మూడేళ్ళకోసారి తిరగరాసుకున్న కాగితం అది. అద్దె ఎంతో, గడువెంతో చూసుకుని సంతకం పెట్టేవాణ్ణి. సరుకు పెట్టె విప్పితే ప్రతి గొడుగూ తెరిచి చూసే మనిషిని, ఆ కాగితాన్ని ఏనాడూ పూర్తిగా తెరవలేదు.

అతనే చదివాడు. "లోపము కనబడిన నెల లోపల అద్దెదారు రాతపూర్వకముగా తెలియజేయవలెను. తెలియజేయనందున పెరిగిన నష్టమునకు అద్దెదారే బాధ్యుడు." ఆగి, ఇంకొకటి చదివాడు. "యజమాని రాతపూర్వక అనుమతి లేనిదే గోడలలో ఇనుము గాని దూలము గాని దింపరాదు."

"అటకకి అమ్మగారు సరేనన్నారండీ."

"అన్నాను" అంది ఓనరమ్మ. "వాళ్ళ అక్క పెట్టెల మధ్య ఇరుక్కుని కుడుతోందంటే వేసుకోమన్నాను."

"వేసుకోమన్నారు సరే అత్తయ్యా, గోడ పగలగొట్టుకోమన్నారా?" అన్నాడు అల్లుడు. ఆవిడ మోకాళ్ళు నిమురుకుంది. అతను నా వైపు తిరిగాడు. "చూడండి, నేను అన్యాయం మనిషిని కాదు. గురువారం ఇంజనీరును తీసుకొస్తాను. పగులు మీ అటక కంటే ముందు నుంచీ ఉన్నదని తేలితే గోడ మొత్తం మా ఖర్చుతో కట్టిస్తాం. అటక కడ్డీల వల్ల వచ్చిందని తేలితే ఖర్చు మీది, కొట్టు కూడా ఖాళీ చెయ్యాలి. లేదూ, పగులు పెరుగుతోందని తెలిసే మీరు చెప్పకుండా ఊరుకున్నారని తేలినా అంతే."

తిరిగొస్తూ దారంతా ఆ మూడో మాటే నా వెనకాల నడిచింది. తెలిసే ఊరుకున్నారని తేలితే. ఇరవై నాలుగు గీతలు, ఇరవై నాలుగు తారీఖులు, మా అక్క దస్తూరీలో. ఇంజనీరు అటక ఎక్కడమే ఆలస్యం, మాకు ఎప్పట్నుంచి తెలుసో గోడే చదివి వినిపిస్తుంది.

బుధవారం పొద్దున ఇంట్లో మా ఆవిడతో అన్నాను, ఇవాళ వెనక గోడకి సున్నం వేయిస్తున్నానని.

"వదిన గీతలున్న గోడకా?"

"లోపలి సున్నం మన బాధ్యతే. లీజులో ఉంది."

"లీజు సంగతి నాకెందుకండీ. వదినని ఒక మాట అడిగారా?"

"దాంట్లో అడిగేదేముంది?"

మా ఆవిడ చేస్తున్న పని ఆపి నన్ను చూసి మళ్ళీ పనిలో పడింది. నిజం చెప్పాలంటే, అడిగితే అక్క వద్దంటుందని నాకు తెలుసు. వద్దన్నాక కూడా వేయించడం కష్టం. అడక్కుండా వేయించడం తేలిక. అంతకంటే దాంట్లో పెద్ద ఆలోచన లేదు.

స్ప్రింగులు అయిపోయాయని, నల్ల బట్ట కూడా కావాలని చెప్పి అక్కని ఊరికి ఆ చివరన ఉన్న హోల్‌సేలు బజారుకి పంపాను. ఆవిడ బస్సెక్కిన అరగంటకి సున్నమేసే ఆయన వచ్చాడు. మిషను, బల్ల కిందికి దించాం. నేను కింద బేరాల్లో ఉన్నాను. ఆ పూట వాన కాస్త తెరిపిచ్చింది, జనం బాగా వచ్చారు. పైనుంచి గరగరమని గీకుతున్న చప్పుడు.

"సారూ, ఇక్కడెవరో తారీఖులు రాసుకున్నారే. పిల్లల పొడుగులా?" అని అరిచాడు అటక మీంచి.

"గీకెయ్యి" అన్నాను.

"పైనున్నది బాగా పాతదండోయ్."

"అన్నీ గీకెయ్యి బాబూ. గీకి, పుట్టీ పెట్టి, రెండు కోట్లు కొట్టు."

నా ఎదుట ఒకాయన రెండు గొడుగులు పట్టుకుని ఏది గాలికి తిరగబడదని అడుగుతున్నాడు. రెండూ తిరగబడవని చెప్పి రెండూ అమ్మాను.

అక్క మూడు గంటలకి వచ్చింది. సంచి నా బల్ల మీద పెట్టి నిచ్చెన ఎక్కింది. ఏదైనా అంటుందని కింద సరుకు సర్దుతున్నట్టు నిలబడ్డాను. పైనుంచి గొంతు వినబడింది.

"తడిగా ఉంది. చీటీలు అంటుకుపోతాయి. కిటికీ పక్కకి మారుస్తున్నా."

"సరే."

"మిషను పైకి పెట్టించు. రేపు పాలాయన వస్తాడు."

అంతే అంది. నేను గండం గడిచిందనుకున్నాను.

గురువారం ఇంజనీరు వచ్చాడు. పొట్టి మనిషి. తడిసిన బూట్లు గుమ్మం దగ్గర విప్పి మేజోళ్ళతో నిచ్చెన ఎక్కాడు. వెనకాల అల్లుడు, ఆ వెనకాల నేను. అక్క తన బల్ల దగ్గరే ఉంది, లేవలేదు. ఇంజనీరు గోడను వేలి కణుపుతో కొట్టి విన్నాడు. చెయ్యి ఆనించి చూసుకున్నాడు. అరచెయ్యి తెల్లగా అయింది.

"ఈ సున్నం ఎప్పుడేశారు?"

"ఈ మధ్యనేనండీ."

"ఈ మధ్యనంటే? నిన్ననా?"

అల్లుడు దగ్గాడు. నవ్వును దగ్గు చేశాడని అందరికీ తెలిసింది.

ఇంజనీరు పుట్టీని చాకుతో కొంచెం తీసి పగుల్లోకి టార్చి వేసి చూశాడు. ఇనుప కడ్డీ దగ్గర చాలాసేపు ఆగాడు. "పగులు సరిగ్గా కడ్డీ పక్క నుంచే వెళ్ళింది. చూసేవాళ్ళెవరైనా కడ్డీ వల్లనే అంటారు. నేనూ అలాగే రాయాల్సి వస్తుంది. అటక వేయకముందే పగులుందని చెప్పే ఆధారం ఏమైనా ఉందా మీ దగ్గర? ఫొటో, ఉత్తరం, ఏదైనా సరే."

లేదని చెప్పబోయాను.

"ఉండేదండీ" అంది అక్క.

అందరం తిరిగాం. చేతిలో పాలాయన గొడుగు, ఒళ్ళో నల్ల బట్ట.

"ఏమిటమ్మా అది?"

"పెన్సిలు గీత. అటక వేయించడానికి ముందు ఏడాది, వానాకాలంలో, నిచ్చెన మీద నిలబడి పెట్టాను. పక్కన తారీఖు కూడా రాశాను. పగులు అప్పటికే ఆ కడ్డీ ఉన్న చోటు దాటింది."

"ఎక్కడుంది?"

అక్క గొడుగు కాడతో తెల్లటి గోడ మీద ఒక చోటు చూపించింది. ఇంజనీరు ఆ చోటు చూశాడు. తర్వాత నన్ను చూశాడు.

"కడ్డీలు వేయించిన రసీదు ఉందా?"

"ఉందండీ" అన్నాను.

"రసీదు మీద తారీఖుంటుంది. గోడ మీద తారీఖూ ఉండి ఉంటే, రెండూ పక్కపక్కన పెట్టుకుంటే పని అయిపోయేది" అన్నాడు ఆయన, కోపం లేకుండానే.

"ఆవిడంటే నాకు గౌరవమేనండీ. కానీ సున్నం కింద ఏముందో ఎవరైనా ఏదైనా చెప్పొచ్చు కదా" అన్నాడు అల్లుడు.

వాళ్ళు వెళ్ళాక నిచ్చెన దగ్గర నిలబడ్డాను.

"ముందే చెప్పొచ్చు కదక్కా, మొదటి గీత అంత పాతదని."

"నువ్వడిగావా?" అంది. గొడుగు విప్పి, మూసి, మళ్ళీ విప్పి చూసింది. "ఆ గీతలు పెట్టింది నీ కోసమేరా. పెరగడం లేదన్నావుగా."

ఇంజనీరు కాగితం వారానికి వచ్చింది. పగులు కడ్డీల బరువు వల్ల ఏర్పడి ఉండవచ్చు. అంతకు ముందుదని చూపే ఆధారం లేదు. పరిశీలనకు ముందురోజు పగులును కప్పివేశారు. ఆ ఆఖరి మాట ఆయన రాయకుండా ఉండలేడు, నేనైనా రాస్తాను.

ఓనరమ్మ కబురు పెట్టింది, "మీ అక్కని కూడా తీసుకురా" అని. ఇద్దరం ఒకే గొడుగులో వెళ్ళాం. వరండాలో కుర్చీలు వేసి ఉన్నాయి. అల్లుడు లెక్క చెప్పాడు. గోడ మొత్తం ఖర్చు నాది, నెలాఖరుకి కొట్టు ఖాళీ. వానాకాలం మధ్యలో కొట్టు ఖాళీ చేస్తే ఏడాది పోయినట్టే. ఏడాది పోతే మా ఇల్లు మళ్ళీ లేస్తుందో లేదో.

బేరం నా రక్తంలో ఉంది. బేరంలో పూర్తిగా వంగినా పని కాదు, బిగుసుకున్నా కాదు. ఏదో ఒకటి మన చేత్తో మనమే ముందు బల్ల మీద పెట్టాలి. పెట్టింది ఎదుటివాడికి బరువుగా కనబడాలి, మనకి తేలికగా ఉండాలి. ఆ పూట నా చేతికి అందిన వాటిలో ఏది తేలికో ఒక్క క్షణంలో చూసుకున్నాను.

"అల్లుడుగారూ, మీ మాటా పోవద్దు, నా మాటా పోవద్దు. కప్పు మీరు బాగు చేయించండి. గోడ ఖర్చు చెరిసగం. కొట్టు నాకే ఉండనివ్వండి. అటక నేను తీసేస్తాను. కడ్డీలతో సహా. మీరిచ్చినప్పుడు కొట్టు ఎలా ఉందో అలా చేసి పెడతాను."

అల్లుడు ఆలోచనలో పడ్డాడు. పడ్డాడంటే బేరం కుదిరినట్టే.

"మరి మీ అక్క ఎక్కడ కూర్చుంటుంది బాబూ?" అంది ఓనరమ్మ.

"కింద ఎక్కడో సర్దుకుంటుందమ్మా."

అక్క నా పక్క కుర్చీలోనే ఉంది. చేతిలో మంచినీళ్ళ గ్లాసు. ఉన్న నీళ్ళు తాగేసి, గ్లాసు కింద పెట్టి, ఓనరమ్మ వైపు తిరిగింది.

"ఎప్పటికల్లా తియ్యాలమ్మా?"

"పది రోజులు చాలవూ?" అన్నాడు అల్లుడు.

"చాలు" అంది అక్క.

సంతకాలయ్యాయి. ఆ కాగితం కూడా నేను పూర్తిగా చదవలేదు, సగం ఖర్చు అన్న చోట వేలు పెట్టుకుని అది సరిగ్గా రాశారో లేదో చూసుకున్నాను. ఇంటికి వస్తున్నప్పుడు వాన లేదు. అక్క నాలుగడుగులు ముందు నడిచింది. నేను వెనకాల, కొట్టు నిలబెట్టుకున్నానని లోపల్లోపల సంతోషిస్తూ.

తొమ్మిదో రోజుకల్లా అక్క అటక ఖాళీ చేసింది. ఊచలు పొడుగుల వారీగా కట్టలు కట్టింది. బాగుకొచ్చిన గొడుగులన్నీ చీటీలతో సహా కిందికి చేరాయి. పదో రోజు మేస్త్రీ వచ్చి చెక్కలు విప్పాడు, కడ్డీలు కోశాడు. రెండో కడ్డీ గోడలోంచి ఊడలాగుతుంటే నన్ను పిలిచాడు.

"ఇది చూడండి. మీ కడ్డీకి పోసిన సిమెంటు పగుల్లోకి దిగింది." చేతిలో ఒక ముక్క పెట్టాడు. ఒక పక్క గుండ్రంగా, కడ్డీ అచ్చు. ఇంకో పక్క పలచగా, కత్తి అంచులా. "పగులు ముందు ఉంటేనే కదా సిమెంటు దాంట్లోకి పోతుంది? మీ కడ్డీ పాపం లేదు."

ముక్క పట్టుకుని ఓనరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "అయ్యో" అంది. అల్లుడు చూడనైనా చూడలేదు. "సంతకాలయిపోయాయి కదండీ" అన్నాడు. నేను పోట్లాడలేదు. దగ్గర దగ్గర నెల నుంచి ఆ గోడ నన్ను తినేసింది. కొట్లో జనం ఉన్నారు. గొడుగు తెరిచి వచ్చేశాను. ముక్కని గల్లాపెట్టె పక్క సొరుగులో వేశాను. అక్కకి చూపించలేదు.

చూపించడానికి ఆవిడ ఎంతో దూరంలో లేదు. గుమ్మం పక్క, బయట మెట్టు మీద. లోపల పెట్టెలకే చోటు చాలడం లేదు, మిషను పెడితే బేరానికొచ్చినవాళ్ళు కాళ్ళకి తగిలి తిట్టుకుంటున్నారు. ఒక ప్లాస్టిక్ పట్టా కట్టి బయట వేసిచ్చాను. గాలి విసిరినప్పుడల్లా జల్లు లోపలికి కొట్టేది. అక్క ఒక గొడుగు మిషనుకి కట్టి దాని కింద గొడుగులు కుట్టేది.

"అక్కయ్యగారూ, మీ తమ్ముడు ప్రకటన కోసం కూర్చోబెట్టాడా?" అన్నాడు తాళాలాయన ఒకరోజు.

"అవునండీ, జీతం ఎక్కువిస్తానన్నాడు" అంది అక్క.

ఆయన నవ్వాడు. ఆ వేళాకోళానికి మాత్రం ముందుగా నవ్వడం నాకు చేతకాలేదు.

అలా పన్నెండు రోజులు. పదమూడో రోజు పొద్దున ఇంట్లో కాఫీ తాగుతూ చెప్పింది, బస్సులు ఆగే చోట ఒక గది చూశానని. ముందు కొట్టులా తెరుచుకోవచ్చు, వెనకాల వంటకి, పడకకి చోటుంది.

"వదినా, ఈ వానల్లో ఎందుకు? వానలు వెళ్ళనివ్వండి, ఏదో ఒకటి చేద్దాం" అంది మా ఆవిడ.

"వానలు వెళ్ళాక గొడుగులెవరు తెస్తారమ్మా?"

"నా మీద కోపమా?" అన్నాను.

"కోపం లేదురా. మోకాళ్ళు. రోజంతా మెట్టు మీద కూర్చోలేకపోతున్నా." కప్పు కడగడానికి లేచింది. "ఆ గదికి వెళ్ళేటప్పుడు నువ్వూ రా. సాక్షి సంతకం కావాలట."

వెళ్ళాను. ఆ రోజు జేబులో సిమెంటు ముక్క వేసుకున్నాను. బస్సు దిగి నడుస్తూ ఉంటే తొడకి తగులుతూనే ఉంది. గది తలుపు తెరిచే ఉంది. అక్క లోపల నడుం వంచి, ఒక పాత ఊచతో గుమ్మం పక్క నేల కొలుస్తోంది. గది ఓనరు ఒక రిటైరైన బస్సు కండక్టరు. కిటికీలో అట్ట పెట్టుకుని అక్క చెప్పేది అద్దె కాగితంలో రాస్తున్నాడు.

"మూడు జానలు" అంది అక్క.

"మూడు జానలు" అని రాసుకుని, నన్ను చూసి, "మీ అక్కగారేనా? నా సర్వీసులో ఇన్ని ప్రశ్నలు వేసిన పాసింజరు లేదండీ. అద్దె గురించి అడుగుతారు, కొళాయి గురించి అడుగుతారు. గోడల గురించి అడిగినవాళ్ళు లేరు" అన్నాడు. విసుగుగా అనలేదు, కొంచెం ముచ్చటగానే అన్నాడు.

ఆయన రెండో ప్రతి రాస్తుంటే జేబులోంచి ముక్క తీసి అక్కకి ఇచ్చాను.

"కడ్డీ తీసినప్పుడు దొరికింది. సిమెంటు పగుల్లోకి దిగిందట. పగులు ముందే ఉందట."

అక్క దాన్ని చేతిలోకి తీసుకుని, పలచటి అంచు మీద బొటనవేలు పెట్టి చూసింది.

"నాకు తెలుసు కదరా" అంది.

పొద్దున్నే బల్లతో పాటు బండి మీద తెప్పించుకున్న మిషను దగ్గరికి వెళ్ళి, దాని ఒక కాలు కింద నేల పల్లంగా ఉంటే అక్కడ ఆ ముక్క దోపింది. ఊపి చూసింది. మిషను కదల్లేదు.

కండక్టరు రెండు కాగితాలూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన సంతకం, అక్క సంతకం అయ్యాయి. అక్క చెవి మీది పెన్సిలు సర్దుకుని, కలం నా చేతికిచ్చింది.

"చదివి పెట్టు" అంది.

నిలబడే చదివాను. ఎవరూ తొందరపెట్టలేదు. కిటికీ రెండో రెక్క పూర్తిగా మూసుకోదు. కొళాయి చుక్కలు కారుతుంది. గుమ్మం పక్క నేల మూడు జానల మేర పగిలి ఉంది. కప్పు మీద తూర్పు మూల పాత చెమ్మ మరక ఉంది, ఇప్పుడు పొడిగా ఉంది. కొత్తగా ఏ లోపం కనబడినా ఓనరుకి వారంలోగా కాగితం మీద చెప్పాలి. వెనక గోడ: పగులు లేదు. అటక: లేదు.

ఆ ఆఖరి వరస రెండుసార్లు చదివి, దాని కింద సంతకం పెట్టాను.